దీసా తట్టినప్పుడు

ఊరందరి వెచ్చదనం యోరున్ పెరట్లోంచే వెళ్లేది. ఆమె వంటింట్లో మాత్రం చలికాలం పొద్దున్నే బకెట్లో నీళ్ల మీద మంచు పొర కట్టి ఉండేది. గరిటె కాడతో దాన్ని పగలగొట్టి కాఫీకి నీళ్లు ముంచుకునేది. ఆ వంటింటి కిటికీలోంచి చూస్తే, గొర్రెల కొట్టం పక్కనుంచి మనిషి నడుమంత లావు గొట్టం ఒకటి మట్టికట్ట కింద లోయ దిగి మా ఊరికి పోయేది. ఎంత మంచు కురిసినా ఆ కట్ట మీద నిలిచేది కాదు. గొర్రెలు వెళ్లి దాని మీద వరసగా పడుకునేవి. గొర్రెలకు దక్కినపాటి వెచ్చదనం కూడా ఆమెకు దక్కలేదు.

ఆ గొట్టంలో పోయేవి ఆమె తండ్రి స్కూలీ భూమిలో ఊరిన ఉడుకు నీళ్లు. కొండ కింద సముద్రపు పాయ ఒడ్డున ఉన్న మా చేపల ఊరు ఒకప్పుడు బొగ్గుతో, ఆ తర్వాత నూనెతో ఇళ్లు కాచుకునేది. నూనెకు ప్రపంచమంతా కరువొచ్చిన ఏడు ఊరి పెద్దలు కొండెక్కి వెళ్లి స్కూలీని అడిగారు. నీ గడ్డి మైదానం కింద ఉడుకుతున్న నీళ్లు ఊరికి ఇస్తావా అని. ఇస్తానన్నాడాయన. చలికి ఏ ఇంటి పిల్లా గడప దాటకూడదు, అందుకోసమే ఇస్తున్నాను అన్నాడట. రెండు కోరికలు కోరాడు. ఉడుకు గుండం నోటి దగ్గర తను పేర్చిన రాళ్లను ఎవరూ కదపకూడదు. గొట్టం పోతూ పోతూ తన ఇంటికీ ఒక పాయ ఇచ్చి పోవాలి. పెద్దలు సరేనని చేయి కలిపారు. మా దగ్గర చేయి కలిపితే మాట రాయి మీద చెక్కినట్టే.

రాళ్ల మాట నిలబెట్టారు. అది మంచితనం అనుకోకండి, భయం. పాయ మాట మాత్రం "వచ్చే వేసవి" అయింది. ఒక్క ఇంటి కోసం అంత తవ్వకమా అన్నారు. వేసవులు వెళ్లాయి. స్కూలీ వెళ్లాడు, ఆయన భార్యా వెళ్లింది. పెళ్లి చేసుకోని యోరున్ ఆ పై ఇంట్లో గొర్రెలతో, అల్లిక సూదులతో, ఒక్క చిన్న కరెంటు హీటరుతో మిగిలింది.

నేను ఊళ్లో ఉన్ని సంఘం కొట్టు చూసుకుంటాను. ఆమె అల్లిన స్వెట్టర్లు తేవడానికి పైకి వెళ్లినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. మా దగ్గర చిన్నా పెద్దా ఎవరినైనా పేరు పెట్టే పిలుస్తాం, కాబట్టి నేనూ మొహం మీదే అడిగేదాన్ని.

"ఏం యోరున్, ఇంకా ఎన్నాళ్లిలా వణుకుతూ కూర్చుంటావు? రేపు నాతో రా. నీళ్ల సంఘం బల్ల మీద గుద్ది అడుగుదాం."

"బల్ల ఏం చేసింది పాపం!"

"నవ్వకు. నీళ్లు మీవే కదా?"

"నీళ్లు ఎవరివీ కావు తల్లీ. ముందు ఆ కాఫీ తాగు, చల్లారిపోతుంది. ఈ కొంపలో ఏదైనా ఇట్టే చల్లారిపోతుంది."

అంటూ చక్కెర ముక్క పళ్ల మధ్య పెట్టుకుని ఆ కాఫీ జుర్రుకునేది. వేళ్లు కత్తిరించిన చేతి తొడుగులు ఇంట్లో కూడా తీసేది కాదు. మరీ నెమ్మదస్తురాలు, నోరులేనిది అనుకున్నాను చాలా కాలం. ఊరు మాత్రం పొగరనుకుంది.

ఒక విషయం మాత్రం నాకు అర్థమయ్యేది కాదు. వంటింటి పక్కనే ఆమె పడుకునే గది. తండ్రి చేసిన పాతకాలపు చెక్క మంచం, ఇద్దరు పట్టేది. సాయంత్రం పూట పొయ్యి మీద ఒక నున్నటి సముద్రపు రాయిని వేడి చేసి, ఉన్ని గుడ్డలో చుట్టి, దుప్పటి కింద పెట్టేది. తన కాళ్ల దగ్గర కాదు. తను గోడవైపు పడుకునేది, రాయిని ఇవతలి అంచున పెట్టేది.

"అటు పెడితే నీకేం వెచ్చదనం?" అన్నానొకసారి.

"నాకు కాదులే," అని దుప్పటి సర్దింది.

ఇంక అడగబుద్ధి కాలేదు.

ఇప్పుడు మా ఊరి సంగతి చెప్పాలి. మా ఇళ్లలో గోడకు బిగించిన, ఆ ఉడుకు నీళ్లు పారే ఇనప రేడియేటర్లు అప్పుడప్పుడు టక్, టక్ మని కొడతాయి. లోపల ఎవరో వేలి కణుపుతో తడుతున్నట్టు. ఆ చప్పుడు వినగానే మా ఊళ్లో ఎవరైనా చేసే పని ఒకటే, లేచి వెళ్లి కిటికీ తెరవడం. "దీసాకి ఊపిరాడట్లేదు, కిటికీ తియ్" అంటారు. తల్లులు పిల్లలకు నేర్పుతారు, పిల్లలు దాన్ని ఆటగా ఆడతారు. గుండంలో పడిపోయిన దీసా అనే పిల్ల గొట్టాల్లో తిరుగుతూ ఉంటుందని, ఉడుకు నీళ్లలో ఊపిరాడక తడుతుందని, కిటికీ తెరిస్తే గాలి పీల్చుకుని పోతుందని కథ. బయట గాలి చర్మం కోసేస్తున్నా సరే, మా ఊళ్లో కిటికీలు బార్లా తెరిచి ఉంటాయి. ఇల్లు చల్లబడుతుంది, రేడియేటర్ మీట ఇంకాస్త తిప్పుతాం. నీళ్లకేం కొదవ, కొండ కింద ఉడుకుతూనే ఉన్నాయిగా!

దీసా యోరున్‌కి చెల్లెలు. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. తెలిసే అంటారు. పోయిన మనిషి పాతబడితే సామెతవుతుంది, సామెతకు అక్కలూ తమ్ముళ్లూ ఉండరు కదా.

ఒకరోజు హ్రెఫ్నా రొట్టెల కొట్లో ఉన్నాం, నేనూ యోరునూ. ఆవిడ నెలకోసారి పాలబండిలో ఊళ్లోకి దిగేది. హ్రెఫ్నా మంచిదే, కానీ నోటికి గొళ్లెం లేదు. గోడ రేడియేటర్ టక్ మంది.

"అమ్మో, దీసాకి ఉక్కపోస్తోంది! ఎవరక్కడ, కిటికీ తియ్యండి. పాపం ఉడికిపోతోంది పిల్ల, దుంపలాగా!" అంది హ్రెఫ్నా, పిండి చేతులు దులుపుకుంటూ.

కొట్లో నలుగురూ నవ్వారు. ఆ తర్వాత ఎవరి చూపు ముందు పడిందో గానీ, నవ్వు మధ్యలో తెగిపోయింది. యోరున్ కాఫీ కప్పు బల్ల మీద పెట్టింది. తల రుమాలు ముడి సరిచేసుకుంది. "రొట్టె బాగుంది హ్రెఫ్నా," అని చెప్పి బయటికి వెళ్లిపోయింది. తెరిచిన కిటికీలోంచి మంచు పొడి లోపలికి పడుతూ ఉంది. ఎవరూ మూయలేదు.

పోయిన చలికాలం చప్పుళ్లు ఎక్కువయ్యాయి. ఇదివరకు ఎప్పుడో ఒకసారి తట్టేది, ఇప్పుడు ప్రతి ఇంట్లో, ప్రతి గదిలో. బడిలో పాఠం మధ్యలో, చర్చిలో ప్రార్థన మధ్యలో. చర్చిలో పాదిరీ ఆగిపోయి ఆ ఇనుము వంక చూడటం నేను కళ్లారా చూశాను. జనానికి నవ్వు పోయి భయం పట్టుకుంది. భయం పట్టుకున్నవాళ్లు ఏం చేస్తారు? మరిన్ని కిటికీలు తెరిచారు. వీధి వెంట నడిస్తే రెండు పక్కలా కిటికీలు నోళ్లు తెరుచుకుని, లోపలి వెచ్చదనమంతా ఆవిరై చీకట్లోకి పోతూ కనిపించేది. ఊరు మొత్తం ఎవరికోసమో ఊపిరి వదులుతున్నట్టుండేది.

అప్పుడే నీళ్ల సంఘం వాళ్లు మధ్యాహ్నం పూట సమావేశం పెట్టారు. ఓట్టార్ లేచాడు. సంఘానికి ఇంజనీరు, మెత్తని మనిషి, చెడ్డవార్త చెప్పేటప్పుడు కళ్లజోడు తుడుచుకుంటాడు. ఆ రోజు చాలాసేపు తుడుచుకున్నాడు.

"బోరులో ఒత్తిడి పడిపోయింది. కింద ఊరేదానికంటే మనం తోడేది ఎక్కువైంది. నీళ్లు చాలక గొట్టాల్లోకి గాలి చేరుతోంది. మీరు వినే చప్పుడు అదే, గాలి. ఇంకేం కాదు. ఇలాగే ఉంటే వచ్చే ఏడు సగం ఊరికి వేడి అందదు. కొత్త బోరు వెయ్యాలి. వేడి గట్టిగా తగిలే చోటు ఒక్కటే ఉంది." ఆగాడు. "గుండం నోరు."

హాల్లో అందరూ యోరున్ వైపు చూడకుండా ఉండటానికి తలలు తిప్పుకున్నారు. ఆమె వెనక వరసలో, ఒళ్లో అల్లిక పెట్టుకుని కూర్చుని ఉంది.

"మరి రాళ్లో?" అని ఎవరో అడిగారు.

"పక్కకి జరుపుతాం. గౌరవంగా."

"గౌరవంగా జరపడమేంటి ఓట్టార్, అది సమాధా, సోఫానా?" అంది హ్రెఫ్నా.

ఆ చోట గడ్డి కోయరు, గొర్రెను కట్టరు, రాయి విసరరు. స్కూలీ తాతల కాలంలోనే ఊరివాళ్లకు అది ముట్టరాని నేల. దీసా పోయాక మరీను. అక్కడ బోరు దించడమంటే ఆ పిల్ల ఎముకల మీదుగా దించడమే. పిల్ల శవం ఇప్పటిదాకా పైకి రాలేదు మరి.

సరిగ్గా అప్పుడే హాలు గోడ రేడియేటర్ తట్టింది. టక్. కాసేపాగి టక్, టక్. ముందు వరసలో ఒకామె అలవాటు కొద్దీ లేచి కిటికీ గడియ తీసింది. చలిగాలి హాల్లోకి దూసుకొచ్చింది.

"మూసెయ్," అంది యోరున్.

ఆమె గొంతు పెంచడం మాలో ఎవరూ ఎప్పుడూ వినలేదు. కిటికీ దగ్గరి ఆమె చెయ్యి గడియ మీదే ఉండిపోయింది.

"మూసెయ్యమంటున్నా. దానికి ఉక్కపోయటం లేదు. అది చలికి వెళ్లింది."

అల్లిక ఒళ్లోంచి జారిపడింది. ఆమె తియ్యలేదు.

"మాకిద్దరికీ ఒకటే మంచం. నేను గోడవైపు, అది ఇవతల అంచున. ఇల్లంతా మంచు. దాని కాళ్లయితే ఎప్పుడూ మంచుగడ్డలే. తెచ్చి నా పిక్కలకు ఆనించేది. ఆ పొద్దున నాకు చిరాకొచ్చింది. 'నీ పాడు కాళ్లు తీస్తావా లేదా, పోయి ఎక్కడైనా కాచుకో పో' అన్నాను. దుప్పటి నా వైపు లాక్కున్నాను. అది వెళ్లింది. గుండం గట్టున, నేల వేడికి రొట్టె కాలడానికి అమ్మ కుండ పూడ్చే చోట వెచ్చగా ఉంటుంది. మేజోళ్లు విప్పి అరికాళ్లు ఆనించుకుని కూర్చోవడం దానికి అలవాటే. ఆ రోజు గుండం మీది పలచటి మట్టి పెంకు దాన్ని మొయ్యలేక విరిగింది. మాకు గట్టు మీద మేజోళ్లు దొరికాయి. ఒకదాన్లో ఒకటి మడిచి పెట్టుకుంది, తడవకుండా."

యోరున్ హాల్లో అందరి వైపూ చూసింది.

"నాన్న ఊరికి నీళ్లెందుకిచ్చాడనుకున్నారు? ఇంకే పిల్లా అలా వెళ్లకూడదని. మీరు దాని పేరు చెప్పి కిటికీలు తెరుస్తారు. తెరిచిన ప్రతిసారీ దాన్ని మళ్లీ చలికి బయటికి పంపుతున్నారు. నేను ఒక్కసారి పంపాను. మీరు రోజూ పంపుతున్నారు."

హ్రెఫ్నా ఏప్రాను అంచుతో ముక్కు తుడుచుకుంది. "మరి నువ్వు... నీ ఇంటికి గొట్టం ఎందుకడగలేదే, ఇన్నేళ్లూ?"

"నా గదిలో కూడా తడితే?" అంది యోరున్. "అప్పుడేం చెప్పను దానికి? మళ్లీ పొమ్మననా?"

కిటికీ దగ్గరి ఆమె నెమ్మదిగా గడియ వేసింది. కాసేపటికి హాల్లో మళ్లీ వెచ్చబడింది. అప్పుడు నేను లేచి ఓట్టార్‌ని అడిగాను, ఊరు కిటికీలు మూసి బతికితే కొత్త బోరు అవసరముందా అని. ఓట్టార్ కళ్లజోడు తీశాడు, ఈసారి తుడవలేదు. "నిజం చెప్పాలంటే... మనం సగం వేడి వీధికి ఇస్తున్నాం. రేడియేటర్‌లోంచి పోయే నీళ్లు గోరువెచ్చగా పోవాలి. ఈ ఊళ్లో చెయ్యి కాలేంత వేడిగా మోరీలోకి పోతున్నాయి. కిటికీలు మూసి, మీటలు తగ్గిస్తే..." అని నసిగాడు. చివరికి సంఘం ఒక మాటకొచ్చింది. వచ్చే చలికాలం గడిచి మంచు కరిగేదాకా చూస్తారు. ఒత్తిడి నిలబడితే రాళ్లు అక్కడే ఉంటాయి. లేదంటే బోరు.

ఆ మిగిలిన చలిరోజుల్లో యోరున్ ఊళ్లోకి దిగడం నెలకోసారి కాస్తా రోజూ అయింది. మా దగ్గర పగలు తలుపులకు తాళాలుండవు. నల్ల రుమాలు కట్టుకుని, మంచు బూట్లు గడప దగ్గర విప్పి, మేజోళ్లతో చప్పుడు కాకుండా ఇళ్లలోకి వచ్చేది. ఏమీ అనేది కాదు. కిటికీ మూసేది. రేడియేటర్ కింది గొట్టాన్ని చేత్తో తడిమి చూసేది, కాలితే మీట తిప్పి తగ్గించేది. వెళ్లిపోయేది. వంట చేసుకుంటూ వెనక్కి తిరిగి చూస్తే గదిలో ఆమె నిలబడి ఉండేదని, గుండె ఆగినంత పనయ్యేదని జనం చెప్పుకునేవాళ్లు.

"నిన్న వచ్చింది తెలుసా, నేను స్నానంలో ఉంటే!" అని మొత్తుకుంది హ్రెఫ్నా. "దయ్యం నయం. అదైనా తట్టి వస్తుంది."

కానీ ఆ వారం నుంచి రొట్టెల కొట్టు కిటికీ మూసే ఉంది.

వేసవిలో ఓట్టార్ తనే గునపం పట్టుకుని, ఇద్దరు కుర్రాళ్లను తీసుకుని, యోరున్ ఇంటికి గొట్టం పాయ వెయ్యడానికి పైకి వెళ్లాడు. ఎవరూ తీర్మానం చెయ్యలేదు, ఎవరూ వద్దనలేదు. స్కూలీకి ఇచ్చిన మాట ఆయన కూతురికి వెంట్రుకలు తెల్లబడ్డాక నెరవేరింది. ఇలాంటి ఆలస్యాన్ని కూడా మనం దయ అని పిలుచుకుంటాం! యోరున్ వద్దంటుందేమో అని నేను వెంట వెళ్లాను. ఆమె గుమ్మంలో నిలబడి, "రేడియేటర్ మంచం ఇవతలి అంచు పక్కన పెట్టండి," అని మాత్రం అంది.

కొండ మీద మొదటి మంచు పడ్డాక, గొర్రెలను దింపే రోజుల్లో ఎండుచేప, వెన్న పట్టుకుని వెళ్లాను. వంటింట్లో బకెట్టు మీద మంచు పొర లేదు. ఆమె చేతికి తొడుగులు లేవు. ఆ చేతులు అంత సన్నగా ఉంటాయని నాకప్పుడే తెలిసింది. పొయ్యి పక్కన సముద్రపు రాయి చల్లగా, ఖాళీగా కూర్చుని ఉంది.

"బాగుందా యోరున్, వెచ్చగా?"

"తట్టింది," అంది.

నేను కాఫీ కప్పు కింద పెట్టాను. "నువ్వేం చేశావు?"

"దుప్పటి ఎత్తాను," అంది. "ఎత్తి పట్టుకుని పడుకున్నాను. చెయ్యి నొప్పెట్టేదాకా."

అంతే చెప్పింది. చేప ముక్క తుంచి, దాని మీద వెన్న రాసి నా చేతిలో పెట్టింది. గోడ మీద రేడియేటర్ నిశ్శబ్దంగా ఉంది. నేను దాని వంక చూడకుండా చేప తిన్నాను.

ఆ తర్వాత కొద్ది రోజులకే ఆమె పోయింది. రెండు రోజులుగా గొర్రెల అరుపులు ఆగడంలేదని పాలబండివాడు లోపలికి వెళ్లి చూశాడు. గోడవైపు ఒత్తిగిలి పడుకుని ఉందట. ఇవతలి సగం దుప్పటి మడిచి తెరిచి ఉందట, ఎవరో అప్పుడే లేచి వెళ్లినట్టో, అప్పుడే వచ్చి పడుకోబోతున్నట్టో. అతను ఏదీ తేల్చి చెప్పలేకపోయాడు.

చర్చి పెరట్లో పాతిపెట్టాం. హ్రెఫ్నా, గుండం గట్టున పూడ్చి కాల్చిన రొట్టె తెచ్చింది. కుండ పూడ్చేటప్పుడు నేల మీద మోకాళ్లు ఆనించడానికి భయమేసిందని చెప్పింది.

ఇది రాస్తున్నప్పుడు చలికాలం మళ్లీ వచ్చేసింది. మా ఊళ్లో చప్పుళ్లు తగ్గాయి, ఆగిపోలేదు. ఇదివరకు ఒకటి కొట్టి ఆగేది. ఇప్పుడు రెండు కొడుతోంది, పక్కపక్కనే, ఒకదాని వెంట ఒకటి. ఓట్టార్ గాలే అంటాడు. గాలే అయుంటుంది, నేను వాదించను. నా కొట్లో వినిపించినప్పుడల్లా ఒంటి మీద వెంట్రుకలు లేస్తాయి, అది మాత్రం దాచను. కొత్తగా వచ్చినవాళ్లు, మర్చిపోయినవాళ్లు ఇంకా కిటికీలు తెరుస్తూనే ఉన్నారు. సాయంత్రం వీధిలో ఆవిరి చూసి ఏ ఇల్లో చెప్పగలను.

మంచు కరిగాక సంఘం ఒత్తిడి కొలుస్తుంది. ఆ రాళ్లు ఉంటాయో, వాటి కిందికి ఇనుము దిగుతుందో ఆ రోజు తేలుతుంది. యోరున్ ఇక దిగి రాదు, మీ కిటికీ మూయడానికి. అందుకని మిమ్మల్ని అడుగుతున్నాను. మీ రేడియేటర్ కింది గొట్టాన్ని ఇప్పుడే వెళ్లి చేత్తో ముట్టుకోండి. కాలితే మీట తగ్గించండి. ఈ ఊరివాళ్లు కాకపోతే, మీ ఇంటికి వెచ్చదనం తెచ్చే గొట్టం ఎవరి పెరట్లోంచి వస్తోందో ఒకసారి దాని వెంట నడిచి వెళ్లి చూడండి. ఆ ఇంట్లో బకెట్టు మీద మంచు పొర ఉంటే ఊరుకోకండి, వాళ్లు అడిగేదాకా ఆగకండి. బల్ల గుద్దండి.

ఇక దీసా తట్టినప్పుడు, కిటికీ దగ్గరికి వెళ్లండి. వెళ్లి మూయండి.